బండి విప్పినవాడే నడిపి చూసేవాడు: ఇటలీ రేసింగ్‌లో మెకానిక్-టెస్ట్ డ్రైవర్ కథ

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ఫార్ములా-ఈ రేసు జరిగింది. ఆ రోజు ట్రాక్ మీదికి వచ్చిన జట్లలో మాసెరాటి ఒకటి. దశాబ్దాల పాటు సింగిల్ సీటర్ (ఒకే సీటుండే కార్ల) రేసింగ్‌కు దూరంగా ఉన్న ఈ ఇటలీ కంపెనీ ఆ సీజన్‌తోనే మళ్లీ బరిలోకి దిగింది. దాని పాత చరిత్ర వెతికినవారికి ఫాంజియో, నువొలారి, మోస్ లాంటి పెద్ద డ్రైవర్లతో పాటు ఇంకో పేరు పదే పదే ఎదురవుతుంది: గ్వెరీనో బెర్టోకి. ఒకచోట ఆయన్ని మెకానిక్ అంటారు. మరోచోట టెస్ట్ డ్రైవర్ అంటారు. మిల్లె మిలియా రేసు ఫలితాల్లో చూస్తే డ్రైవర్ పేరు పక్కనే ఆయన పేరూ ఉంటుంది. వీటిలో ఏది సరైనదన్న అనుమానం సహజమే. మూడూ సరైనవే. ఒకే మనిషి ఇన్ని పనులు ఎందుకు చేశాడు, తర్వాతి తరంలో అలాంటివారు ఎందుకు కనిపించడం లేదన్నదే ఇక్కడి విషయం.

క్లుప్తంగా

1920ల నుంచి 1950ల దాకా ఇటలీ రేసింగ్ షెడ్లలో కారు లోపాన్ని కొలిచి చెప్పే పరికరాలు దాదాపు లేవు. కారు నడుస్తుండగా శబ్దం, వాసన, అదురు గమనించి, ఆగాక విప్పి సరిచేయగల మనిషే ఆ లోటు తీర్చాడు. బెర్టోకి ఆ పనిలోనే జీవితమంతా గడిపారు. సెన్సర్లు, సిమ్యులేటర్లు వచ్చాక, ట్రాక్ మీద పరీక్షలకు పరిమితులు పెట్టాక ఆ ఉద్యోగం ముక్కలై వేర్వేరు నిపుణులకు పంపకమైంది.

నాలుగు పనులు, వాటిలో మూడు ఒకే మనిషివి

ముందు మాటల గందరగోళం తీర్చుకోవాలి. రేసు డ్రైవర్ పని గెలవడం. కారు హద్దు ఎక్కడుందో తెలుసుకుని ఆ హద్దు మీదే ఉండటం అతని నైపుణ్యం. టెస్ట్ డ్రైవర్ పని వేరు. అతను వేగం కోసం నడపడు, లోపం కోసం నడుపుతాడు. కిందటిసారి ఎలా నడిపాడో అచ్చం అలాగే మళ్లీ నడపగలగాలి. అప్పుడే కారులో చేసిన మార్పు వల్ల తేడా వచ్చిందా, లేక చెయ్యి మారడం వల్ల వచ్చిందా అన్నది తేలుతుంది.

రైడింగ్ మెకానిక్ అంటే రేసులో డ్రైవర్ పక్క సీటులో కూర్చునే మెకానిక్. ఆయిల్ ప్రెషర్ గేజీ మీద కన్నేసి ఉంచడం, చేతి పంపుతో పెట్రోల్ ట్యాంకులో ప్రెషర్ నిలపడం, వెనక నుంచి ఎవరొస్తున్నారో చూసి సైగ చేయడం, టైరు పోతే దిగి మార్చడం అతని పని. ఇక చీఫ్ మెకానిక్ షెడ్డులో మిగతా మెకానిక్‌లందరికీ పెద్ద. కారు రేసుకు తయారైందా లేదా అన్నదానిలో అతని మాటకు చాలా బరువుంటుంది.

ఈ నాలుగింటిలో గెలుపు పేరు డ్రైవర్‌కే దక్కుతుంది. మిగతా మూడు పనులనూ బెర్టోకి వేర్వేరు కాలాల్లో, చాలాసార్లు ఒకే వారంలో చేశారు.

మన ఊళ్లలోనూ ఇది కొత్త సంగతేమీ కాదు. షెడ్డులో బైక్ బాగుచేసిన మెకానిక్ పాన పక్కన పెట్టి, "ఒక ట్రయల్ కొట్టి వస్తా" అని బండి తీస్తాడు. రెండు వీధులు తిరిగొచ్చి, కూర్చుని మళ్లీ కార్బ్యురేటర్ స్క్రూ పావు చుట్టు తిప్పుతాడు. ఆ పావు చుట్టు ఎంతో అతనికి పుస్తకం చెప్పలేదు. హ్యాండిల్ పట్టుకున్న అరచేతులకు తగిలిన అదురు చెప్పింది. బెర్టోకి ఉద్యోగం మూలంలో ఇదే. తేడా అల్లా ఆయన తిరిగొచ్చే రోడ్డు మీద వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటేది.

పక్క సీటులో నేర్చిన చదువు

బెర్టోకి 1907లో బొలోన్యాలో పుట్టారు. మాసెరాటి అన్నదమ్ముల షెడ్డు కూడా ఆ ఊళ్లోనే ఉండేది. ఆ సోదరుల్లో అల్ఫియేరి అప్పట్లో తురిన్‌లోని డియాట్టో కంపెనీ కోసం రేసు కారు తయారు చేస్తుండేవారు. డియాట్టో రేసింగ్ మానుకోవడంతో ఆ డిజైన్‌ను అల్ఫియేరి తీసుకుని, ఇంజిన్‌ను 1.5 లీటర్లకు కుదించి, సొంత పేరుతో తొలి మాసెరాటి కారును నిలబెట్టారు. దానికి టీపో 26 అని పేరు. ముక్కు మీద బొలోన్యా చౌరస్తాలోని నెప్ట్యూన్ విగ్రహం చేతి త్రిశూలాన్నే గుర్తుగా పెట్టారు.

1926 ఏప్రిల్‌లో ఆ కారు తొలి రేసు సిసిలీ దీవిలోని టార్గా ఫ్లోరియో. కొండల్లో మెలికలు తిరిగే 108 కిలోమీటర్ల దారిని ఐదుసార్లు చుట్టి రావాలి. అల్ఫియేరి స్వయంగా స్టీరింగ్ పట్టారు. పక్క సీటులో కూర్చున్నది ఇంకా పంతొమ్మిదేళ్లు నిండని బెర్టోకి. 1500 సీసీ తరగతిలో ఆ కారు గెలిచింది.

ఈ గెలుపు కన్నా ముఖ్యమైనది ఆ కూర్చున్న చోటు. కారు డిజైన్ చేసినవాడే నడుపుతున్నాడు, దాన్ని విప్పి బిగించే కుర్రవాడు పక్కనే ఉన్నాడు. 540 కిలోమీటర్ల పాటు ఒకే శబ్దాన్ని ఇద్దరూ కలిసి విన్నారు. మూడో గేరులో ఏ వేగం దగ్గర కూత మారుతోంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఆయిల్ ప్రెషర్ ఎంత పడిపోతోంది, ఏ మలుపు తర్వాత బ్రేకు పెడల్ కిందికి దిగుతోంది అన్నవన్నీ ఇద్దరికీ ఒకేసారి తెలిశాయి. షెడ్డుకు తిరిగొచ్చాక ఒకరికొకరు వివరించుకోవాల్సిన అవసరమే రాలేదు.

గ్రాండ్ ప్రి రేసుల్లో పక్క సీటు మెకానిక్‌లను 1925 నుంచి నిషేధించారు. ప్రమాదాల్లో డ్రైవర్లతో పాటు వాళ్లూ ప్రాణాలు పోగొట్టుకోవడం దీనికి ప్రధాన కారణం. 1924లో స్పెయిన్‌లోని సాన్ సెబాస్టియన్ రేసులో కెనెల్మ్ లీ గిన్నెస్ కారు పల్టీ కొట్టి, ఆయన మెకానిక్ చనిపోయారు. మనిషి ప్రాణం లెక్కన చూస్తే నిషేధం నూటికి నూరు శాతం న్యాయం. కానీ దానితో మెకానిక్ చదువుకు ఒక పెద్ద తరగతి మూతపడింది. ఇటలీలో ఆ తలుపు పూర్తిగా మూసుకోలేదు. బ్రెషా నుంచి రోమ్ వెళ్లి తిరిగి బ్రెషాకే చేరే, దాదాపు 1,600 కిలోమీటర్ల మిల్లె మిలియాలో ఇద్దరు కూర్చునే పద్ధతి కొనసాగింది. 1948లో డ్రైవర్ అల్బెర్టో అస్కారీ పక్కన ఆ రేసులో కూర్చున్నది బెర్టోకీయే. ఫలితాల పట్టికల్లో ఆయన పేరు డ్రైవర్లతో కలిసి కనిపించడానికి కారణం ఇదే.

మోదెనాలో ట్రయల్

అల్ఫియేరి 1932లో చనిపోయారు. మిగిలిన సోదరులు 1937లో కంపెనీని అడోల్ఫో ఓర్సీ అనే వ్యాపారికి అమ్మేశారు. కొంతకాలానికి ఫ్యాక్టరీ బొలోన్యా నుంచి మోదెనాకు మారింది. ఒప్పందం ప్రకారం పదేళ్లు పనిచేసి 1947లో సోదరులు బయటికి వెళ్లి, ఓస్కా పేరుతో కొత్త కంపెనీ పెట్టుకున్నారు. బెర్టోకి మాత్రం మోదెనాలోనే ఉండిపోయారు. పాత షెడ్డు అలవాట్లు, పాత కార్ల జబ్బులు గుర్తున్న మనిషి కొత్త యాజమాన్యానికి ఎంత అవసరమో ఊహించడం కష్టం కాదు. డ్రాయింగులు అల్మరాలో ఉంటాయి. ఫలానా ఇంజిన్ ఫలానా చోట ఎందుకు వేడెక్కుతుందో అల్మరాలో ఉండదు.

మోదెనా చిన్న ఊరు. మాసెరాటి ఫ్యాక్టరీ అక్కడే, ఫెరారీ కొద్ది దూరంలోని మరనెల్లోలో. 1950లో ఊరి విమానాశ్రయం చుట్టూ ఒక చిన్న ట్రాక్ తయారైంది. రెండు కంపెనీలూ అక్కడే పరీక్షలు చేసుకునేవి. పొద్దున షెడ్డులో బిగించిన కారును మధ్యాహ్నానికల్లా ట్రాక్ మీద పెట్టొచ్చు, సాయంత్రానికి మళ్లీ విప్పొచ్చు. మెకానిక్, టెస్ట్ డ్రైవర్ ఒకరే కావడానికి ఈ దూరం తక్కువ కావడం కూడా పెద్ద కారణం. పరీక్షించే చోటు వందల మైళ్ల దూరంలో ఉంటే ఆ పని తప్పకుండా ఇంకొకరికి పోయేది.

రోడ్ల మీద పరీక్షలూ మామూలే. ఇటలీలో ఇలాంటి కార్లకు 'ప్రోవా' అని రాసిన ప్రత్యేక నంబర్ ప్లేటు తగిలిస్తారు. ప్రోవా అంటే పరీక్ష. మోదెనా చుట్టుపక్కల ఆ ప్లేటుతో తిరిగే బండ్లు ఈనాటికీ కనిపిస్తాయి.

ఆ ఊరి పోటీకి ఒక చీకటి వైపు ఉంది. ట్రాక్ ఒకటే, కంపెనీలు రెండు. ఎవరి ల్యాప్ టైం తక్కువన్నది ఊరంతటికీ పరువు సమస్య. 1957 మార్చిలో మాసెరాటి డ్రైవర్ జాన్ బెహ్రా అక్కడ కొత్త రికార్డు పెట్టాక, దాన్ని తిరిగి లాక్కోవడానికి ఫెరారీ తరఫున ఎవూజెనియో కాస్తెలొట్టి దిగారు. ఆ ప్రయత్నంలోనే, మార్చి 14న, ఆయన ప్రాణం పోయింది. అది రేసు కూడా కాదు, పరీక్ష. టెస్ట్ డ్రైవింగ్ లోపం కోసం నడపడం మానేసి వేగం కోసం నడపడంగా మారితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా బాధాకరమైన ఉదాహరణ ఆ ట్రాక్ చరిత్రలో దొరకదు.

ప్లగ్గు చెప్పే మాట

బెర్టోకి పేరు ఎక్కువగా ముడిపడిన కారు 250ఎఫ్. 1954 నుంచి గ్రాండ్ ప్రి రేసుల్లో నడిచిన ఈ కారుకు 2.5 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, ఒక్కో సిలిండర్‌కు రెండేసి స్పార్క్ ప్లగ్గులు, మూడు వెబర్ కార్బ్యురేటర్లు. ఇంధనం మామూలు పెట్రోల్ కాదు, మిథనాల్ ఎక్కువగా ఉండే మిశ్రమం.

ఇలాంటి ఇంజిన్ సరిగా ఉందో లేదో అప్పట్లో చూసే తీరు ఇది. నేరుగా ఉండే రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్‌లో కొంత దూరం నడపాలి. అదే వేగంలో ఒక్కసారిగా ఇగ్నిషన్ కట్టేసి, క్లచ్ తొక్కి, ఇంజిన్‌ను ఒక్క క్షణం కూడా ఐడిల్‌లో తిరగనివ్వకుండా కారును దొర్లించి ఆపాలి. ఐడిల్‌లో తిరిగితే ప్లగ్గు మీది గుర్తులు చెరిగిపోతాయి. తర్వాత దిగి, వేడి వేడి ఇంజిన్ మీద వంగి, పన్నెండు ప్లగ్గులూ ఒక్కొక్కటిగా విప్పి వరసలో పెట్టాలి. కొన మసి పట్టి నల్లగా ఉంటే ఆ సిలిండర్‌కు ఇంధనం ఎక్కువ అందుతోంది. తెల్లబారి, పింగాణీ మీద చిన్న బొబ్బలు లేస్తే ఇంధనం తక్కువై లోపల వేడి పెరిగిపోతోంది. అది అలాగే వదిలేస్తే పిస్టన్ కరిగిపోయే ప్రమాదం. మిథనాల్‌తో ఈ రంగులు అంత స్పష్టంగా పడవు, కాబట్టి అనుభవం లేని కన్ను సులభంగా మోసపోతుంది.

ప్లగ్గుల్లోనూ రెండు రకాలు వాడేవారు. ఇంజిన్ వేడెక్కే దాకా ఒక రకం, రేసు వేగానికి ఇంకో రకం. మొదటి రకంతోనే రేసు మొదలుపెడితే అవి వేడికి తట్టుకోవు. రెండో రకంతో చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే తడిసి మూగబోతాయి. ఎప్పుడు మార్చాలన్నది ఇంజిన్ మీద చెయ్యి పెట్టినవాడు తేల్చాల్సిన విషయం.

ఈ మొత్తం పనిలో నడపడం ఎక్కడ ఆగింది, మెకానిక్ పని ఎక్కడ మొదలైంది? గీత గీయడం సాధ్యం కాదు. డ్రైవర్ వేరు, విప్పేవాడు వేరు అయితే మధ్యలో ఒక మాట కావాలి. "పైన కొంచెం పట్టేస్తోంది" అని డ్రైవర్ అంటాడు. ఆ పట్టేయడం కార్బ్యురేటర్‌లోనా, ప్లగ్గులకు కరెంటు అందించే మాగ్నెటోలోనా, వాల్వ్ స్ప్రింగులోనా అన్నది ఆ మాటలో ఉండదు. ఇద్దరూ ఒకే మనిషి అయినప్పుడు ఆ అనువాదంలో పోయేది ఏమీ లేదు.

మాసెరాటికి ఇంకో అవసరం కూడా ఉంది. 250ఎఫ్ కార్లను అది తన జట్టుకే ఉంచుకోలేదు, బయటి డ్రైవర్లకూ అమ్మింది. 1954లో స్టిర్లింగ్ మోస్ అలాగే సొంతంగా కొనుక్కున్నారు. డబ్బు పెట్టి కొన్నవాడికి ఇచ్చే కారు ఫ్యాక్టరీ గేటు దాటే ముందు ఎవరో ఒకరు బాధ్యత తీసుకుని నడిపి చూడాలి. ఆ బాధ్యత బెర్టోకిది. ఆ లెక్కన ఆయన రేసింగ్ విభాగం మనిషే కాక, ఇప్పటి మాటల్లో చెప్పాలంటే క్వాలిటీ కంట్రోల్ కూడా.

న్యూర్‌బర్గ్‌రింగ్, 1957 ఆగస్టు 4

మెకానిక్, డ్రైవర్ మధ్య నమ్మకం ఏం చేయగలదో జర్మనీలో జరిగిన ఈ రేసు చూపిస్తుంది. 22.8 కిలోమీటర్ల ల్యాప్, 22 ల్యాపులు. ఫెరారీ కార్లు గట్టి టైర్లతో, నిండు ట్యాంకుతో ఆగకుండా వెళ్లేలా సిద్ధమయ్యాయి. మాసెరాటి టైర్లు మెత్తనివి, అంత దూరం నిలవవు. అందుకని హువాన్ మాన్యువెల్ ఫాంజియో ట్యాంకు సగమే నింపి బయల్దేరి, మధ్యలో ఒకసారి ఆగాలని నిర్ణయించుకున్నారు. టీం మేనేజర్ నెల్లో ఉగోలీని, చీఫ్ మెకానిక్ బెర్టోకి ఈ లెక్కలో భాగం.

250ఎఫ్‌లో ఇంధన ట్యాంకు తోకలో ఉంటుంది. నిండుగా ఉంటే వెనక భాగం బరువెక్కి మలుపుల్లో ఒకలా ప్రవర్తిస్తుంది, ఖాళీ అయ్యేకొద్దీ ఇంకోలా. సగం ట్యాంకుతో బయల్దేరితే కారు మొదటి నుంచే తేలిక. సస్పెన్షన్‌ను కూడా ఆ తేలికకు సరిపడేలా అమర్చుకోవచ్చు.

ఫాంజియో సుమారు అరనిమిషం ఆధిక్యం సంపాదించి 12వ ల్యాప్ చివర పిట్‌లోకి, అంటే మెకానిక్‌లు కారు మీద పనిచేసే చోటికి, వచ్చారు. అక్కడ లెక్క తప్పింది. అరనిమిషంలో ముగియాల్సిన పనికి యాభై సెకన్లు దాటింది. ఆధిక్యమంతా పోయి, ఆయన మూడో స్థానంలోకి పడిపోయారు. ముందున్న హాథార్న్, కాలిన్స్‌ల ఫెరారీలకు దాదాపు ముప్పావు నిమిషం దూరం.

తర్వాత జరిగింది రేసింగ్ చరిత్రలో అందరికీ తెలిసిన కథ. 20వ ల్యాప్‌ను ఫాంజియో 9 నిమిషాల 17.4 సెకన్లలో ముగించారు. పోల్ పొజిషన్ (రేసు మొదట్లో అందరికన్నా ముందు నిలిచే చోటు) తెచ్చిన ఆయన సొంత టైం 9 నిమిషాల 25.6 సెకన్లు. అంటే రేసు మధ్యలో తన రికార్డు మీదే ఎనిమిది సెకన్లకు పైగా కోత పెట్టారు. చివరికి హాథార్న్ కన్నా 3.6 సెకన్ల ముందు గీత దాటారు. 46 ఏళ్ల వయసులో ఐదో ప్రపంచ టైటిల్ ఖాయమైంది.

గెలుపు ఫాంజియోదే, అందులో ఎవరికీ సందేహం ఉండక్కర్లేదు. అయితే అదే మధ్యాహ్నం మెకానిక్‌లు పిట్‌లో పోగొట్టిన సెకన్లు, నెలల తరబడి కారును అలాంటి బాదుడుకు తట్టుకునేలా చేసిన పని రెండూ ఉన్నాయి. మొదటిది లెక్కలో పడుతుంది, రెండోది పడదు. ఎప్పుడూ నడపనంత వేగంతో నడుపుతున్న మనిషి కింద గేర్‌బాక్స్ గానీ, చక్రాన్ని మోసే స్టబ్ యాక్సిల్ గానీ చెదరకపోవడం తనంతట తాను జరగదు. ఫాంజియో కూడా అర్జెంటీనాలోని బాల్కార్సే ఊళ్లో సొంత గ్యారేజీ నడిపిన మెకానిక్ కావడం ఇక్కడ గుర్తుపెట్టుకోదగిన సంగతి. కారు గురించి ఆయన మాట, బెర్టోకి మాట ఒకే భాషలో ఉండేవి.

ట్రయల్‌కు దొరకని లోపం

ఇంత చెప్పాక ఆ పద్ధతి హద్దులూ చెప్పాలి. అదే ఏడాది మే నెలలో మిల్లె మిలియాకు స్టిర్లింగ్ మోస్, పక్క సీటులో దారి చెప్పే డెనిస్ జెంకిన్సన్ మాసెరాటి 450ఎస్‌లో బయల్దేరారు. 4.5 లీటర్ల వి8 ఇంజిన్, ఆ రేసులోకెల్లా బలమైన కార్లలో ఒకటి. బ్రెషా దాటి పది పన్నెండు కిలోమీటర్లు వెళ్లేసరికి ఒక మలుపు ముందు మోస్ బ్రేకు తొక్కారు. పెడల్ విరిగి కింద పడింది. గేర్లు తగ్గిస్తూ ఎలాగో కారును ఆపుకుని, వెనక్కి తిప్పుకుని వచ్చేశారు. 1,600 కిలోమీటర్ల రేసు కొద్ది నిమిషాల్లో ముగిసింది.

లోహం లోపల దాగిన లోపం శబ్దం చేయదు, వాసన రాదు, విరిగే క్షణం దాకా అదరదు. ఎంత గొప్ప టెస్ట్ డ్రైవర్ చెవికైనా అది వినపడదు. మారుతూ వచ్చే జబ్బును మనిషి పసిగడతాడు. మారకుండా ఉండి ఒక్కసారిగా తెగేదాన్ని పట్టుకోవడానికి ఎక్స్-రే, క్రాక్ టెస్టు లాంటివి కావాలి. రేసింగ్ తర్వాతి కాలంలో పరికరాల వైపు వెళ్లడాన్ని కేవలం డబ్బు మోజుగా చూడటం అందుకే తప్పు. ఆ విరిగిన పెడల్ లాంటివి కూడా దారి చూపాయి.

అదే బడి, వేరే దారులు: రాంపోని, మారినోని

బెర్టోకి ఒక్కరే ఇలాంటివారు కాదు. మిలాన్‌లోని ఆల్ఫా రోమియో షెడ్డు నుంచి వచ్చిన ఇద్దరిని పక్కన పెట్టి చూస్తే ఈ వృత్తిలో ఎన్ని దారులుండేవో తెలుస్తుంది.

జూలియో రాంపోని కూడా పక్క సీటు నుంచే వచ్చారు. డ్రైవర్ జుసెప్పె కంపారితో కలిసి 1928, 1929ల్లో వరుసగా మిల్లె మిలియా గెలిచారు. 1929లోనే ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద, రోజుకు పన్నెండు గంటల చొప్పున రెండు రోజులు సాగే డబుల్ ట్వెల్వ్ రేసులో స్వయంగా స్టీరింగ్ పట్టి గెలిచారు. తర్వాత ఇంగ్లండ్‌లో స్థిరపడి, డబ్బున్న యువ డ్రైవర్లకు కార్లు సిద్ధం చేసే పని ఎంచుకున్నారు. 1936లో డిక్ సీమన్ అనే డ్రైవర్ కోసం ఆయన తీర్చిదిద్దిన ఫ్రెంచి కారు డెలాజ్ 1927 నాటి మోడల్. తొమ్మిదేళ్ల పాత కారు. బరువు తగ్గించి, ఇంజిన్ మెరుగుపరిచి బరిలో దించితే అది ఇంగ్లండ్‌లో తయారైన అప్పటి కొత్త ఈఆర్ఏ కార్లనే ఓడించింది. కొత్తది కొనడం కన్నా మంచి పాత డిజైన్‌ను అర్థం చేసుకోవడం మేలని సలహా ఇవ్వగల మెకానిక్ విలువ అదీ.

అట్టిలియో మారినోని మాత్రం కంపెనీ వదల్లేదు. బెల్జియంలోని స్పా 24 గంటల రేసును 1928, 1929, 1930ల్లో వరుసగా మూడుసార్లు, ప్రతిసారీ వేరే సహచరుడితో గెలిచారు. 24 గంటల రేసులో కారును కాపాడుకుంటూ నడపడం మెకానిక్ మనసున్నవాడికి బాగా అబ్బుతుంది. 1940 జూన్‌లో మిలాన్ దగ్గరి ఆటోస్ట్రాడా (హైవే) మీద ఆల్ఫా కారును పరీక్షిస్తుండగా లారీని ఢీకొని ఆయన చనిపోయారు. రేసుల్లో బతికి బయటపడి, ఆఫీసు పని దినాన, మామూలు రోడ్డు మీద.

ఒకరు నైపుణ్యాన్ని దేశం దాటించి సొంత వ్యాపారం చేసుకున్నారు. ఒకరు పరీక్షలోనే పోయారు. బెర్టోకి ఒకే పేరును అంటిపెట్టుకుని దశాబ్దాలు ఉన్నారు. చదివిన బడి ఒకటే.

1957 తర్వాత

ఆ ఏడాది నవంబర్ 3న వెనెజువెలా రాజధాని కరాకస్‌లో జరిగిన స్పోర్ట్స్ కార్ల రేసు మాసెరాటికి పీడకల. ఒక 450ఎస్‌ను మోస్ నడుపుతుండగా ఎదురుగా అడ్డం వచ్చిన కారును గుద్ది నుజ్జయింది. రెండోది పెట్రోల్ నింపుతుండగా అంటుకుంది. మంటలు ఆర్పాక మోస్ అందులో ఎక్కి కూర్చుంటే సీటు ఇంకా కాలుతూనే ఉంది. తర్వాత హ్యారీ షెల్ ఎక్కి నడుపుతుండగా జో బోనియర్ కారుతో గుద్దుకుని అదీ పోయింది. అప్పటికే కంపెనీ అప్పుల్లో ఉంది. ఫ్యాక్టరీ జట్టును మాసెరాటి మూసేసింది.

అక్కడితో బెర్టోకి పని ముగిసిపోవాలి. ముగియలేదు. ఆ సంవత్సరమే జెనీవాలో చూపించిన 3500 జీటీ అనే రోడ్డు కారు కంపెనీకి ఊపిరి పోసింది. రేసు కార్లు ఏడాదికి కొన్నే తయారయ్యే చోట ఇప్పుడు వందల కార్లు. కొనేవాళ్లు రేసు డ్రైవర్లు కాదు, వ్యాపారులు, సినిమావాళ్లు. వాళ్లకు కావలసింది పొద్దున చలిలో ఒక్క తిప్పుతో స్టార్ట్ కావడం, ట్రాఫిక్‌లో వేడెక్కకపోవడం, గేరు మెత్తగా పడటం. రేసు కారు లోపాన్ని వెతికిన చెవే ఇప్పుడు డోర్ గడగడలాడుతోందా అని వినాలి. బెర్టోకి ఈ పనినీ అదే శ్రద్ధతో చేశారు. తర్వాతి కాలంలో అదే ఊళ్లోని డి టొమాసో కంపెనీతోనూ పనిచేశారు. 1981లో రోడ్డు ప్రమాదంలో మరణించారు.

ఉద్యోగం ఎందుకు ముక్కలైంది

మొదటి కారణం కొలత. 1980ల నుంచి రేసు కార్లలో సెన్సర్లు పెరిగాయి. ఏ సిలిండర్ ఎంత వేడిలో ఉందో, ఏ మలుపులో థ్రాటిల్ ఎంత తెరిచారో తెరమీద గీతలుగా కనిపించడం మొదలైంది. కారు చెప్పే మాటను మనిషి చెవి దాటించి నేరుగా కంప్యూటర్ వింటోంది. ఆ గీతలు చదవడం డిగ్రీ చదివిన ఇంజినీర్ పని అయింది.

రెండోది నిబంధన. ఖర్చు తగ్గించడానికి ఫార్ములా వన్ 2009 నుంచి సీజన్ మధ్యలో ట్రాక్ పరీక్షలను దాదాపు ఆపేసింది. ఫెరారీ 1972లో సొంతంగా కట్టుకున్న ఫియరానో ట్రాక్ ఫ్యాక్టరీ గోడ పక్కనే ఉన్నా, ఇష్టమొచ్చినప్పుడు రేసు కారు తీసి నడిపే రోజులు పోయాయి. పరీక్ష సిమ్యులేటర్‌లోకి వెళ్లింది. అక్కడ విప్పడానికి బోల్టులు లేవు.

మూడోది బాధ్యత, బీమా, భద్రత. మారినోని చనిపోయిన తీరు చూశాక మామూలు రోడ్ల మీద గరిష్ఠ వేగంతో పరీక్షించడం ఆగిపోవాలనే ఎవరైనా అంటారు.

హైదరాబాద్‌లో పరిగెత్తిన ఫార్ములా-ఈ కార్లను చూస్తే మార్పు ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. వాటి వెనక చక్రాలను ఆపే పని మామూలు బ్రేకులది కాదు, మోటారుది. బ్రేకు వేసినప్పుడు పుట్టే కరెంటు బ్యాటరీలోకి తిరిగి వెళుతుంది. ఏ క్షణాన ఎంత అన్నది సాఫ్ట్‌వేర్ తేలుస్తుంది. అలాంటి కారులో ఏదో తేడాగా ఉందని డ్రైవర్ చెబితే పాన పట్టుకునే ముందు లాప్‌టాప్ తగిలిస్తారు. మెకానిక్ నైపుణ్యం తగ్గలేదు, టైరు మార్చే వేగం, బిగించే కచ్చితత్వం ఆనాటికన్నా ఎంతో ఎక్కువ. కానీ అతను ఆ కారును ఎప్పుడూ నడపడు.

రేసింగ్‌లో దాదాపు అంతరించిన ఈ పని రోడ్డు కార్ల ఫ్యాక్టరీల్లో ఇంకొంత కాలం నిలిచింది. వాలెంటీనో బాల్బోని 1968లో లంబోర్గినిలో మెకానిక్ శిక్షణకు చేరిన కుర్రవాడు. 1973 నుంచి టెస్ట్ డ్రైవర్. 2008లో రిటైరయ్యే దాకా అక్కడే. మరుసటి ఏడాది కంపెనీ ఆయన పేరుతోనే గయార్డో కారులో ఒక ప్రత్యేక మోడల్ తెచ్చింది. మామూలు గయార్డోలో ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ వెళుతుంది. బాల్బోని కారులో ముందు చక్రాలకు వెళ్లే షాఫ్టు తీసేసి, బలమంతా వెనక చక్రాలకే ఇచ్చారు, ఆయనకు అలా నడపడమే ఇష్టం కాబట్టి. 250 కార్లు మాత్రమే తయారు చేస్తామని ప్రకటించారు.